బెంగళూరులో ఫ్యామిలీ సెడాన్ కొనడం ఎలా: కొత్తదైనా, సెకండ్ హ్యాండ్ అయినా

బెంగళూరులో ఉండే మనవాళ్లకు కారుతో ముఖ్యంగా రెండు పనులు. వారమంతా మారతహళ్లి, సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో నత్తలా పాకాలి. నెలకో, రెండు నెలలకో ఒకసారి దేవనహళ్లి దాటి అనంతపురం, కర్నూలు మీదుగానో, కోలారు, పలమనేరు మీదుగానో ఊరికి పోవాలి. ఈ రెండూ ఒకే బండి చేయాలి. అందుకే "పది లక్షల్లో ఏ సెడాన్ మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. పోయిన నెల ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎక్కడ తిరిగారు అని అడుగుతాను.

ముందు నెల రోజులు రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకుని నెల రోజుల ప్రయాణాలన్నీ రాయండి. ఆఫీసుకు ఎంత, పిల్లల స్కూలుకు ఎంత, ఊరికి ఎంత. ఇప్పుడు క్యాబ్‌లో వెళ్తున్నా సరే, అదీ రాయండి. పక్కనే ఇంకో రెండు విషయాలు: వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు, డిక్కీలో ఏం పెడతారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం మూట, ఆవకాయ జాడీ, అమ్మ కట్టిచ్చిన సంచులు నాలుగు తప్పవు కదా. ఇది చిన్న విషయం కాదు. సీఎన్‌జీ బండికి గ్యాస్ సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, దాన్ని కొనాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే.

ఇప్పుడు మైలేజీ లెక్క వేయండి. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే ఇల్లు అనుకుందాం, లీటరు పెట్రోలు 100 రూపాయలు అనుకుందాం. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండికి 83 లీటర్లు పడుతుంది. 16 ఇచ్చే బండికి 62 లీటర్ల చిల్లర. తేడా నెలకు సుమారు రెండు వేలు, ఏడాదికి పాతిక వేలు. ఆ మైలేజీ కోసం మూడు లక్షలు ఎక్కువ పెట్టి కొంటే అవి తిరిగి రావడానికి పన్నెండేళ్లు. అదే ఇల్లు నెలకు 2500 కిలోమీటర్లు తిరిగితే ఐదేళ్ల లోపే వచ్చేస్తాయి. మైలేజీకి ఎంత పెట్టొచ్చో ఈ పేజీయే చెబుతుంది, షోరూమ్‌లో కుర్రాడు చెప్పలేడు.

బ్రోషర్‌లో వేసే మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద, ఒక పద్ధతి ప్రకారం నడిపి కొలిచింది. ఒక బండిని ఇంకో బండితో పోల్చడానికి పనికొస్తుంది, మీ నెల ఖర్చు వేయడానికి పనికిరాదు. బెంగళూరు సిటీలో ఏసీ వేసుకుని అందులో మూడింట రెండు వంతులు వచ్చినా బాగా వచ్చినట్టేనని నా అనుభవం.

కొత్తదా, పాతదా

కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ (బండి కొన్నప్పుడే ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) దేశంలోనే ఎక్కువ ఉన్న చోట్లలో ఒకటి. ఐదు నుంచి పది లక్షల బండికి 14 శాతం, పది నుంచి ఇరవై లక్షల దాకా 17 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు. ఇక్కడే రిజిస్టరైన సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఆ పన్ను మొదటి ఓనర్ ఎప్పుడో కట్టేశాడు, మీరు మళ్లీ కట్టక్కర్లేదు. పైగా మొదటి మూడేళ్లలోనే బండి ధర బాగా పడిపోతుంది. అందుకే మూడు నుంచి ఐదేళ్ల వయసున్న, ఒకే చేతిలో నడిచిన, కర్ణాటక నంబరున్న పెట్రోలు సెడాన్ దొరికితే నా ఓటు దానికే.

కానీ బండి చూసే ఓపిక లేదు, నమ్మకమైన మెకానిక్ లేడు, వారంలో కావాలి అంటే కొత్తదే కొనండి. సగం చూసి కొన్న పాత బండి కన్నా చిన్న కొత్త బండి మేలు.

ఏ ఇంధనం, ఏ గేరు

ఈ ధరల్లో డీజిల్ సెడాన్లు కొత్తవి ఇప్పుడు లేవు. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా రెండూ 2023లో డీజిల్ మానేశాయి. పాత బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన) డీజిల్ దొరికితే ఒకటి గుర్తుంచుకోండి: పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే బండి వేడెక్కి కాస్త దూరం పరిగెత్తాలి. రోజూ మూడు కిలోమీటర్లు స్కూలుకు వెళ్లి వచ్చే ఇంట్లో అది మూసుకుపోతుంది. హైవే ఎక్కువ తిరిగే వాళ్లకే డీజిల్.

సీఎన్‌జీ ఖర్చు తక్కువే. కానీ సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. ఊరి ప్రయాణాలున్న కుటుంబానికి నేను చెప్పను.

హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ ఉన్న బండి) సంగతి వేరు. సిటీ ట్రాఫిక్‌లో మామూలు బండి నిలబడి కూడా పెట్రోలు తాగుతుంది. హోండా సిటీ హైబ్రిడ్ లాంటిది నిదానంగా కదిలేటప్పుడు మోటారు మీద నడుస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు ఆ శక్తి బ్యాటరీలోకి వెళ్తుంది. కంపెనీ చెప్పే అంకె లీటరుకు 27.13 కిలోమీటర్లు. అదే హోండా సిటీ పెట్రోలు ఆటోమేటిక్‌కు 18.4. సిల్క్ బోర్డులో రోజూ గంటన్నర గడిపేవాళ్లకు ఇది నిజంగా లాభం. బ్యాటరీ వెనక ఉండటంతో డిక్కీ మాత్రం తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పైన వేసిన పాతిక వేల లెక్క మళ్లీ ఒకసారి చూసుకోండి.

గేరు విషయంలో నా మాట సూటిగా చెబుతాను. రోజూ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లు ఆటోమేటిక్ తీసుకోండి, మోకాళ్లు మీవి. అందులో గేర్ల మెట్లు లేని సీవీటీ మెత్తగా పోతుంది, పికప్ కాస్త నిదానం. మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే ఏఎంటీ చౌక, మైలేజీ బాగుంటుంది, గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుంది. అది మీకు పడుతుందో లేదో టెస్ట్ డ్రైవ్‌లోనే తెలుస్తుంది. రెండు క్లచ్‌లుండే డీసీటీ హైవేలో హాయి, కానీ డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఉన్న డీసీటీ గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. వారంటీ అయిపోయిన సెకండ్ హ్యాండ్ డీసీటీ బండిని సిటీ వాడకానికి నేను తీసుకోను, రిపేరు వస్తే బిల్లు పెద్దది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంచెం తగ్గుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్ల పైపులు, రబ్బరు భాగాలు దాన్ని తట్టుకునేలా చేశారు. అంతకుముందు బండి అయితే పెట్రోలు మూత దగ్గర స్టిక్కర్, యజమాని పుస్తకం చూడండి, సర్వీసులో ఫ్యూయల్ పైపులు చెక్ చేయించండి.

కొత్త బండి కొంటుంటే

నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే జీఎస్టీ 18 శాతం. అది దాటితే 40. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇదే లెక్క. మారుతి డిజైర్, హోండా అమేజ్, హ్యుందాయ్ ఆరా, టాటా టిగోర్ మొదటి వరసలోకి వస్తాయి. హోండా సిటీ, వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్చుస్ రెండో వరస. నలుగురు ఉండే ఇంటికి, సిటీ వాడకం ఎక్కువైతే, 2024 నవంబరులో వచ్చిన డిజైర్ దగ్గర మొదలుపెట్టండి. మాన్యువల్‌కు కంపెనీ అంకె 24.79, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని దూరం వెళ్లేవాళ్లయితే పెద్ద వరస చూడండి. వెర్నా, స్లావియా, వర్చుస్‌లకు కూడా 2023లో ఐదు నక్షత్రాలు వచ్చాయి.

వేరియంట్ ఎంచుకునేటప్పుడు పది లక్షల గీత దగ్గర జాగ్రత్త. ఎక్స్ షోరూమ్ 9.9 లక్షల బండికి సెస్సుతో కలిపి లైఫ్ ట్యాక్స్ 1.54 లక్షలు. 10.1 లక్షల బండికి 1.90 లక్షలు దాటుతుంది. ఇరవై వేల విలువైన సన్‌రూఫో, పెద్ద స్క్రీనో పన్నుతో కలిపి యాభై ఆరు వేలు అవుతుంది! పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు. దాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో వెనక్కి తెచ్చుకోవచ్చు, మర్చిపోకండి.

కొటేషన్‌లో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని రాస్తే తీసేయమనండి. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు, బయట రేటు తెచ్చి చూపించండి, చాలాసార్లు అక్కడికక్కడే తగ్గిస్తారు. రిజిస్ట్రేషన్‌కు ముందే బండిని పగటి వెలుతురులో చూడండి. తయారైన నెల, మీటరు అంకె, టైర్ల తేదీ చూసి, పెయింటు మీద గీతలు లేవనుకున్నాకే సరే అనండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లొద్దు. అమ్మానాన్నలను, పిల్లలను అందరినీ ఎక్కించుకుని వెళ్లండి. సెడాన్ సీటు కిందకు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగేటప్పుడు తలుపు పైఅంచు పట్టుకుని లేవాల్సి వస్తుందా అని చూడండి. మా అమ్మ ఒక బండిలో నుంచి దిగి "కూర్చోవడం బానే ఉంది గానీ, లేవడానికే ఒకరు చెయ్యి పట్టుకోవాలి నాయనా" అంది. ఆ మోడల్ అంతటితో వదిలేశాం. ఐదుగురితోనే మీ వీధి స్పీడ్ బ్రేకర్, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కించి చూడండి, అడుగు తగులుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్: బండి కన్నా ముందు కాగితం

ఫోన్లో అమ్మేవాళ్లను మొదట నంబరు అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో వేస్తే ఓనర్ ఎన్నోవాడు, లోన్ ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటివరకు, ఎప్పుడు రిజిస్టరైంది అన్నీ కనిపిస్తాయి. ట్రాఫిక్ చలాన్లు బెంగళూరు పోలీసుల సైటులో చూడండి. నంబరు ఇవ్వడానికి నీళ్లు నమిలేవాళ్ల దగ్గరకు వెళ్లడం దండగ.

తర్వాత ఇన్సూరెన్సు పాలసీ ఫొటో పంపమనండి. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాది ఏడాదికీ అది 20 నుంచి 25, 35, 45, చివరికి 50కి పెరుగుతుంది. ఐదేళ్ల బండికి సున్నా అని ఉంటే నిరుడు క్లెయిమ్ అయి ఉండొచ్చు. ఏం జరిగిందో అడగండి. చిన్న గీతకు బంపర్ మార్చారా, ముందు భాగమంతా పోయిందా అన్నది వాళ్లు తడుముకోకుండా చెప్పాలి.

మూడోది సర్వీసు చరిత్ర. అమ్మేవాళ్లను వెంటబెట్టుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్లి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో చూడండి. ఇది నేను నేర్చుకున్నది కష్టపడి. నా మొదటి సెకండ్ హ్యాండ్ బండి మీటరు మీద 42 వేలు ఉంది. బ్రేకు పెడల్ రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా, అరికాలిలా మెరుస్తోంది. చూశాను, అర్థం చేసుకోలేదు. మూడు నెలల తర్వాత క్లచ్ పోయి సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్తే, రెండేళ్ల కిందటే అది 91 వేల దగ్గర సర్వీసుకు వచ్చినట్టు కంప్యూటర్‌లో ఉంది. క్లచ్, సస్పెన్షన్ కలిపి 38 వేలు కట్టాను. అమ్మిన డీలర్ ఫోన్ ఎత్తలేదు. పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు మెరుపు, డ్రైవర్ సీటు అంచు కుంగడం, ఈ మూడూ మీటరు అంకెతో సరిపోవాలి. నలభై వేల బండికి నున్నటి పెడల్ ఉండదు.

డిజైర్ లాంటి బండ్లలో ఇంకో అనుమానం: ఒకప్పుడు ఎల్లో బోర్డు క్యాబ్‌గా తిరిగిందేమో. సర్వీసు చరిత్రలో నెలకు ఆరేడు వేల కిలోమీటర్లు తిరిగినట్టు ఉంటే అది ఫ్యామిలీ బండి కాదు. ఢిల్లీ నంబరు డీజిల్ చౌకగా వస్తోందంటే అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ మీద పెడుతూ వచ్చిన ఆంక్షలే కారణం. దానికి ఆశపడకండి.

బండి దగ్గర

పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లని స్టార్టింగ్‌లో ఏదో దాస్తున్నారని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత విప్పి లోపల చూడండి. మజ్జిగ రంగు జిగురు ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని మెకానిక్‌తో తేల్చుకోండి. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

బానెట్ బోల్టుల పెయింటు చూడండి. స్పానర్ పడిన బోల్టు అంచుల్లో పెయింటు లేచి ఉంటుంది. తలుపు రబ్బరు బీడింగ్ కొంచెం లాగితే కింద కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరుసగా, ఒకే దూరంలో కనిపించాలి. అక్కడ టింకరింగ్ సుత్తి దెబ్బలు కనిపిస్తే బండి గట్టిగా గుద్దుకుంది. అద్దాలన్నింటి మీద తయారీ గుర్తు ఒకే ఏడాది దగ్గర ఉండాలి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు 2321 అంటే 2021లో 23వ వారం. 2021 బండికి స్టెప్నీతో సహా టైర్లు ఆ ఏడాదివే ఉంటే, మీటరు మీద ముప్ఫై వేలంటే నమ్మొచ్చు. కానీ మార్చాల్సిన వయసు దగ్గరపడింది కాబట్టి ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

బెంగళూరులో తప్పకుండా చూడాల్సింది నీళ్లలో మునిగిందా అన్నది. 2022 సెప్టెంబరు వానలకు యమలూరు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు లేఅవుట్లలో, బేస్‌మెంట్లలో ఎన్ని కార్లు మునిగాయో ఇక్కడ ఉన్నవాళ్లందరికీ గుర్తే. మరుసటి ఏడాది మా తమ్ముడి కోసం ఒక సెడాన్ చూడటానికి వెళ్లాం. కడిగి, పాలిష్ పట్టి, లోపల సెంటు కొట్టి మెరిసిపోతోంది. మాతో వచ్చిన మెకానిక్ మదనపల్లె ఆయన. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని లాగాడు, ఇంకా లాగాడు, చివరి వరకు లాగాడు. చివర్లో జానెడు బెల్టు మీద మట్టి రంగు గీత, దాని కింద బెల్టు గట్టిగా, బిగుసుకుపోయి ఉంది. "అన్నా, సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు. దీన్ని ఇంత దూరం ఎవరు లాగి చూస్తారు?" అన్నాడు. అమ్మే అతను ఏమీ మాట్లాడలేదు. మేం తిరిగి వచ్చేశాం.

బెల్టుతో పాటు సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో ఇసుక, హెడ్‌లైట్ లోపల ఆవిరి, ఫ్యూజు పెట్టెలో పచ్చ తుప్పు కూడా చూడండి. మునిగిన బండి మొదటి ఆరు నెలలు బాగానే నడుస్తుంది. తర్వాత వైరింగ్ ఒక్కొక్కటిగా పోతుంది, మంచి మెకానిక్ కూడా దాన్ని పూర్తిగా బాగుచేయలేడు.

నడిపేటప్పుడు కిటికీలు దించి, మ్యూజిక్ ఆపేయండి. స్పీడ్ బ్రేకర్ మీద కింద నుంచి టక్ టక్ వస్తోందా వినండి. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలీ వదలనట్టు పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగకూడదు. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరిచి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. చివర్లో ఏసీ వేసి పావుగంట నిలబెట్టండి, వేడి సూది కదలకూడదు. మెకానిక్ స్కానర్ పెడితే దాచిన లోపాల కోడ్‌లు బయటపడతాయి. ఇదంతా చూసినందుకు మెకానిక్‌కు ఎంత అడిగితే అంత ఇవ్వండి.

మోడళ్లలో నేను వెతికేవి మూడు: హోండా సిటీ 1.5 పెట్రోలు, 2018 తర్వాతి మారుతి సియాజ్ 1.5, 2021లో ఆగిపోయిన టొయోటా యారిస్. సియాజ్ 2025లో ఆగిపోయినా అదే ఇంజిన్ ఎర్టిగాలో, బ్రెజాలో వాడారు కాబట్టి సామాన్లకు టెన్షన్ లేదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019లో. అంతకన్నా పాతది ఇంట్లోవాళ్ల కోసం కొనేముందు ఆ రెండూ ఉన్నాయో లేదో అడగండి.

ఊరి నుంచి తెచ్చే బండి

"మా మామయ్య బండి కడపలో ఉంది, లక్ష తక్కువకే ఇస్తానన్నాడు" అని చాలామంది అంటుంటారు. మామయ్య బండి చరిత్ర తెలిసిందే, అది నిజంగా గొప్ప విషయం. కానీ వేరే రాష్ట్రం నంబరున్న బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే రీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్, అక్కడ మిగిలిన పన్ను వాపసుకు దరఖాస్తు, మధ్యలో రెండు మూడు సెలవులు. ఈ మొత్తం కాగితం మీద వేశాక కూడా లాభం మిగిలితేనే తెచ్చుకోండి.

డబ్బు ఇచ్చే రోజు

లోన్ ఉన్న బండికి బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 (లోన్ తీరిందన్న కాగితం) చేతికి వచ్చేవరకు మొత్తం ఇవ్వకండి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ముందే జరగాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. రెండో తాళం చెవి అడిగి తీసుకోండి. పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు మీ పేరుకు మార్పించండి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ చిక్కులో పడుతుంది. మీ పాత బండిని అమ్ముతున్నా ఇంతే శ్రద్ధ కావాలి. ఆర్‌సీ మీద ఎవరి పేరుంటే ప్రమాదానికి వాళ్లే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అమ్మేశాను కదా అని ఊరుకోవద్దు, పేరు మారిందో లేదో యాప్‌లో చూసుకోండి.

పాత ఓనర్ ఫాస్టాగ్ పీకేసి మీది అతికించండి. బంకులో ఆటోమేటిక్‌గా ఆగేవరకు ట్యాంకు నింపి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ అదే బంకులో అలాగే నింపినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించి, మొదట్లో మొదలుపెట్టిన ఆ నోటు పుస్తకంలోనే రాయండి.